లేదని ఎలా తెలుస్తుంది?

ఒక వస్తువు ఉందని కంటితో చూసి చెప్పవచ్చు. లేదని దేన్ని చూసి చెప్పాలి? భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న ఇది. ఏడో శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు, అభావాన్ని (లేకపోవడాన్ని) తెలిపే ప్రమాణంగా అనుపలబ్ధిని (కనపడకపోవడాన్ని) విడిగా ఒప్పుకున్నాడు. ఈ విషయంలో అద్వైతులు ఆయన దారే పట్టారు. మీమాంసలోనే ప్రభాకరుడి సంప్రదాయం అభావమనే పదార్థాన్నే కాదంది. కుండ లేని నేల అంటే ఉత్త నేలే. నైయాయికులు అభావాన్ని పదార్థాల్లో చేర్చి, అది ప్రత్యక్షంతోనే తెలుస్తుందన్నారు. బౌద్ధుడైన ధర్మకీర్తి దాన్ని అనుమానం (హేతువుతో ఊహించి తేల్చడం) కిందికి తెచ్చాడు.

ఇన్ని భేదాలున్నా ఒక షరతు దగ్గర వీరిలో చాలామంది కలుస్తారు. కనపడకపోవడం ఒక్కటే చాలదు. ఉండి ఉంటే కనపడి తీరవలసిన పరిస్థితి ఉండాలి. దీనికే యోగ్యత అని పేరు. వెలుతురున్న గదిలో కుండ కనపడకపోతే కుండ లేనట్టే. చీకటి గదిలో కనపడకపోతే ఏమీ తేలదు. పిశాచం సంగతి ఇంకా చిక్కు: అది అసలు కంటికి అందేదే కాదంటారు కాబట్టి, ఎంత వెలుతురులో కనపడకపోయినా ఆ కారణంతో దాన్ని లేదనడానికి వీల్లేదు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం, దాని దీపిక ద్వారా న్యాయశాస్త్రంలో అడుగుపెట్టే విద్యార్థికి అభావ విచారం నేటికీ తొలి పాఠాల్లోనే ఎదురవుతోంది.

ఈ కాలంలో ఆ విచారం ప్రాణాల మీదికి వచ్చే చోటు ఔషధాలను పరీక్షించే ల్యాబ్. ‘ఈ మందు శుద్ధమైనది’ అనే మాట, ఉన్నదాని గురించి చెప్పినట్టు వినిపించినా, నిజానికి లేనిదాని గురించి చెబుతోంది. వేరే పదార్థాలు ఇందులో లేవని దాని అర్థం. ఆ మాటకు ముఖ్యాధారం ద్రవ క్రొమటోగ్రఫీ. కాలమ్ అనే సన్నని ఉక్కు గొట్టంలో సిలికా రేణువులను దట్టంగా కూరుతారు. వాటి ఉపరితలానికి అతికించిన రసాయన పొర స్టేషనరీ ఫేజ్. మొబైల్ ఫేజ్ అనే ద్రావణి దాని మీదుగా పారుతూ నమూనాను మోసుకుపోతుంది. పొరను గట్టిగా అంటిపెట్టుకునే అణువులు ఆలస్యంగా, అంతగా అంటనివి ముందుగా బయటికొచ్చి, తెర మీద పీకులుగా లేస్తాయి. పీకుకూ పీకుకూ మధ్య చదునైన గీత ఉంటుంది. ఆ గీతను చూసి ‘ఇక్కడేమీ లేదు’ అనవచ్చా? ఒకే పీకును చూసి ‘ఇందులో రెండోది లేదు’ అనవచ్చా?

అలా అనుకున్న దానికి కెరోటిన్ మంచి ఉదాహరణ. క్యారెట్‌కు రంగునిచ్చే ఈ పదార్థానికి 40 కార్బన్లు, 56 హైడ్రోజన్లని రిచర్డ్ విల్‌స్టాటర్ 1907లో తేల్చాడు. అది ఒకే పదార్థమన్న నమ్మకం రెండు దశాబ్దాలకు పైగా నిలిచింది. మిఖాయిల్ త్స్వెట్ సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో ఆకుల రంగులను విడదీసి 1906లోనే ప్రకటించినా రసాయన శాస్త్రజ్ఞులు పెద్దగా పట్టించుకోలేదు. 1931లో హైడెల్‌బర్గ్‌లో రిచర్డ్ కూన్, ఎడ్గార్ లెడరర్ అదే పద్ధతిని మళ్లీ చేపట్టి కెరోటిన్‌ను ఆల్ఫా, బీటా అని రెండుగా విడగొట్టారు. ఆ రెండింటి ఫార్ములా ఒకటే. ఒక ద్విబంధం ఉన్న చోటు మాత్రం వేరు. రెండోది లేదని అంతకుముందు నమ్మినవారు అజాగ్రత్తపరులేమీ కారు. వారి చేతిలోని సాధనానికి ఆ భేదాన్ని చూసే యోగ్యత లేదు, అంతే.

ఆ తర్వాత కాలమ్‌లలో వచ్చిన మార్పులన్నీ యోగ్యతను పెంచే ప్రయత్నాలే. అయితే ఆ యోగ్యత రెండు రకాలు. దర్శన గ్రంథాల్లో అంత స్పష్టంగా విడిపడని ఈ తేడాను కాలమ్ నిక్కచ్చిగా చూపిస్తుంది.

మొదటిది పరిమాణానికి సంబంధించినది. 1970లలో 10 మైక్రాన్ల రేణువులుండేవి. తర్వాత 5, ఆపై 3 వచ్చాయి. 2004లో 1.7 మైక్రాన్ల రేణువులతో పనిచేసే యంత్రాలు మార్కెట్‌కు చేరాయి. రేణువు సైజు సగమైతే అదే పొడవు కాలమ్‌లో ప్లేట్ల సంఖ్య (కాలమ్ విడదీసే సామర్థ్యానికి కొలత) సుమారు రెట్టింపవుతుంది, పీకులు సన్నబడతాయి. కానీ అదే వేగం దగ్గర పీడనం 4 రెట్లవుతుంది. ఆ భారాన్ని తగ్గించడానికే 2006 ప్రాంతంలో 1.7 మైక్రాన్ల గట్టి గుండు మీద అర మైక్రాన్ రంధ్రాల పొర ఉన్న కోర్-షెల్ రేణువులు వచ్చాయి. ఇంత చేసినా ఫలితం నెమ్మదిగానే పెరుగుతుంది. రెండు పీకుల ఎడం ప్లేట్ల సంఖ్యకు వర్గమూలంగా మారుతుంది కాబట్టి, ఎడం రెట్టింపు కావాలంటే ప్లేట్లు 4 రెట్లు కావాలి.

రెండోది జాతికి సంబంధించినది. లోతైన విషయమంతా ఇక్కడే ఉంది. కుడిచెయ్యి, ఎడమచెయ్యిలా ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబమైన అణువులున్నాయి. ఔషధ ల్యాబుల్లో రోజూ వాడే సి18 కాలమ్ వాటిని, సాధారణ మొబైల్ ఫేజ్‌తో, ఎన్నటికీ విడదీయలేదు. రేణువులు ఎంత సన్నవైనా, ప్లేట్లు లక్షల్లో ఉన్నా వచ్చేది ఒకే పీకు. రెండూ పొరను సమానంగానే అంటుకుంటాయి కనుక, పీకుల ఎడాన్ని లెక్కగట్టే సూత్రంలో భేదాన్ని తెలిపే భాగం సున్నా. సున్నాను దేనితో గుణించినా సున్నాయే. సి18 ముందు ఆ రెండో రూపం తార్కికుల పిశాచమే. 1980లలో జపాన్‌కు చెందిన యోషియో ఒకమోటో బృందం సెల్యులోజ్‌ను రసాయనికంగా మార్చి సిలికాకు పూతగా పూసింది. సెల్యులోజ్‌కు స్వతహాగా కుడి ఎడమల తేడా ఉంది కాబట్టి, ఆ పొర ఒక రూపాన్ని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. పీకు రెండుగా చీలుతుంది. భేదాన్ని చూడాలంటే చూసే సాధనంలోనూ ఆ భేదం ఉండాలన్నమాట. 1992లో అమెరికా ఎఫ్‌డీఏ ఇలాంటి మందుల్లో రెండు రూపాలనూ విడివిడిగా పరిశీలించాలని విధానం ప్రకటించగలిగిందంటే, చూడగల కాలమ్‌లు అప్పటికి ఉండడం అందుకు ఒక ముఖ్య కారణం.

నీటిని ఇష్టపడే చిన్న అణువులదీ ఇదే కథ. సి18లో అవి ఆగకుండా, ద్రావణితోపాటే కొట్టుకుపోతాయి. ఆండ్రూ ఆల్పర్ట్ 1990లో హిలిక్ అని పేరుపెట్టిన పద్ధతి, ధ్రువ స్వభావం గల పొరతో వాటిని పట్టి నిలిపింది.

యోగ్యత ఉందని ముందే రుజువు చేసుకునే ఆచారం ల్యాబుల్లో ఉంది. దాన్ని సిస్టమ్ సూటబిలిటీ అంటారు. నమూనా ఇంజెక్ట్ చేసే ముందు, మందునూ దాని పక్కనే వచ్చే మలినాన్నీ కావాలని కలిపిన ద్రావణాన్ని పంపుతారు. రెండు పీకుల ఎడం పద్ధతిలో రాసిన విలువను అందుకోవాలి, సాధారణంగా 1.5 దాటితే పూర్తిగా విడిపోయినట్టు. అందకపోతే రన్ ఆగిపోతుంది. ‘ఉండి ఉంటే కనపడేదే’ అన్న తార్కికుల ఊహావాక్యానికి ఇది ప్రయోగ రూపం.

అయితే ఈ రుజువు ఆ ఒక్క మలినానికే వర్తిస్తుంది. రక్తపోటుకు వాడే వల్సార్టాన్ విషయంలో 2018 జులైలో బయటపడింది ఇదే. కొన్ని బ్యాచ్‌లలో క్యాన్సర్ కారకం కాగల ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ ఉంది. తయారీ విధానం మారిన నాటి నుంచీ అది వస్తూనే ఉండవచ్చని తేలింది. ఆ మందు మామూలు శుద్ధత పరీక్షల్లో నెగ్గుతూనే వచ్చింది. ఆ పరీక్షలు వల్సార్టాన్‌ను పోలిన, 0.1 శాతం స్థాయి మలినాల కోసం రాసినవి. ఎన్‌డీఎంఏకు ఎఫ్‌డీఏ ఆ తర్వాత నిర్ణయించిన హద్దు రోజుకు 96 నానోగ్రాములు. ఏళ్ల తరబడి లక్షలమంది నమ్మి మింగిన మాత్రల విషయంలో, కనపడకపోవడాన్ని లేకపోవడంగా తీసుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకంటే వివరించనక్కర్లేదు.

మరి ఏదీ లేదని ఎప్పటికీ చెప్పలేమా? న్యాయశాస్త్రం దీనికి దారి చూపుతుంది. అభావమెప్పుడూ ఏదో ఒకదాని అభావమే. ఆ ఒకటి ప్రతియోగి. ప్రతియోగి ఏదో తెలియని అభావజ్ఞానం లేదు. ‘మలినాలు లేవు’ అన్న వాక్యానికి నిర్దిష్టమైన ప్రతియోగి లేదు కనుక ఏ కాలమ్ కూడా దాన్ని రుజువు చేయలేదు. ‘ఎన్‌డీఎంఏ ఇంత పరిమాణానికి మించి లేదు’ అన్నదాన్ని రుజువు చేయవచ్చు. 2018 తర్వాత హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమతో సహా ప్రపంచమంతటా పని క్రమం ఇలాగే మారింది: తయారీ దశలను పరిశీలించి ఏ నైట్రోసమైన్ పుట్టే అవకాశముందో ముందు పేరుపెట్టి తేల్చుకుంటారు, దాని హద్దు నిర్ణయిస్తారు, అంత కొద్దిపాటి మొత్తాన్నీ చూడగల కాలమ్‌నూ డిటెక్టర్‌నూ ఆ తర్వాతే ఎంచుకుంటారు.