పాత్రత ఎవరిది?

వరాహనదీ తీరమందలి ఏటికొప్పాకలో తరిమెన పట్టువారికి అంకుడు కొయ్య చిరపరిచితము. మెత్తనిదగుటచే ఉలికి సులభముగా లొంగును. 2017లో భౌగోళిక గుర్తింపు నొందిన లక్కబొమ్మలు దానితో చేయబడునవే.

అట్టి నిపుణుడు ఎరుగని కొయ్యతో గిన్నె చేయబూనెననుకొందము. అలవాటైన తీరుననే ఉలి ఆనించినచో పెచ్చులూడవచ్చును. పచ్చికొయ్యయైనచో ఆరునపుడు బీటవారవచ్చును. దోషము కొయ్యదా? అది తన స్వభావమును దాచలేదు, పనివాడే విచారింపలేదు. వివేకి మొదట దళసరిగా తొలిచి, ఆరనిచ్చి, పిదప తుదిరూపము దిద్దును.

సంస్కృతమున పాత్రశబ్దమునకు గిన్నెయనియు, యోగ్యుడనియు అర్థములు కలవు. మందగించిన శిష్యుని అపాత్రుడని త్రోసివేయు గురువు తన ఉలిని పరీక్షించుకొనెనా? పనికిరాని కొయ్యయు ఉండవచ్చును. కాని ఓర్పుతో యత్నించిన పిదపనే ఆ తీర్పు చెప్పదగును.