పటంలో లేని మైసమ్మ

మందమర్రి మండలం బొక్కలగుట్ట పక్కన గాంధారి ఖిల్లా ఉంది. ఏటా మాఘమాసంలో నాయకపోళ్లు అక్కడ మైసమ్మ జాతర చేస్తారు. అమ్మ ఎప్పటి నుంచి ఉందని అడిగితే తాతల నాటి నుంచి అంటారే తప్ప సాలు చెప్పరు. సాలు అడిగేది పాత దస్త్రాలు వెతికేవాళ్లు. కాగితంలో కనబడని దేవత లేనట్టేనా?

సర్వే ఆఫ్ ఇండియా పటాల అంచున గుర్తుల పట్టిక ఒకటి ఉంటుంది. గుడి, ఛత్రి, చర్చి, మసీదు, ఈద్గా, సమాధి: ప్రతిదానికీ ఒక బొమ్మ. పసుపు పూసిన బండకు, చెట్టుకు కట్టిన మొక్కుకు మాత్రం ఏ బొమ్మా లేదు. ఆదిలాబాద్ గోండుల పెర్సపేన్ సంగతీ అంతే. ఈటె మొన, చామరం ఆ దైవానికి ప్రతీకలు. వాటిని అడవిలో భద్రపరిచి, కొలుపు వేళ బయటికి తీస్తారు. గోడలు లేని దైవాన్ని సర్వేయరు ఎక్కడని గుర్తిస్తాడు?

ఈ చిక్కును మన దార్శనికులు ఎప్పుడో పట్టుకున్నారు. కనబడకపోవడం కూడా ఒక ప్రమాణమేనని భాట్ట మీమాంసకులు, అద్వైతులు అన్నారు. దాని పేరు అనుపలబ్ధి. వెలుతురులో నేల మీద కుండ కనబడలేదంటే కుండ లేదన్నట్టే. కానీ దానికో షరతు ఉంది: ఉంటే కనబడి తీరాల్సిన వస్తువు అయి ఉండాలి. పిశాచం కనబడలేదు కాబట్టి లేదంటే ఆ వాదం నిలవదు. మైసమ్మ విషయంలో పటానికి ఆ చూపే లేదు.

అలాగని పటాలన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. బొగ్గు గని ప్లానులో పాత వర్కింగ్స్ ఎక్కడున్నాయో ఉండి తీరాలి. అక్కడ ఖాళీ అంటే లేదనే అర్థం, ఆ అర్థం తప్పితే ప్రాణాలు పోతాయి. 2003 జూన్‌లో గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. నేల కింద ఏముందో తెలియడం ఎంత అవసరమో ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. సింగరేణి కార్మికుడు ప్లానునూ నమ్ముతాడు, గని మొగదల మైసమ్మకు దండమూ పెడతాడు. అందులో వైరుధ్యమేమీ లేదు.

పటానికి అందనిది పాటలోనైనా దొరుకుతుందా? 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల స్థితి తెలుసుకోమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మకాం వేసి, గోండుల వంశగాయకులైన ప్రధానులు కిక్రి వాయిస్తూ చెప్పే వంశకథలు రాసుకున్నాడు, వేల ఫొటోలు తీశాడు. అవిప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. ఫొటోలో కొలుపు చేసే మనిషి దొరుకుతాడు, పాట దొరకదు. ఆ పాట నైయాయికుల లెక్కలో శబ్దప్రమాణం, నమ్మదగినవాడి మాట. అయితే ప్రధాను దాతల ఇంట కథ చెప్పి బతికేవాడు. దాత వంశం గొప్ప నాలుగు మాటలు పెరగదని ఎవరు హామీ ఇస్తారు? దస్త్రానికి వేసే ప్రశ్నలు పాటకూ వేయాల్సిందే.

ఈ రెండింటినీ ఒకే చోట కూర్చోబెట్టింది, చిత్రంగా, ఒక సర్కారీ నిబంధన. అటవీ హక్కుల నియమాల్లో 13వ నియమం ఇచ్చిన సాక్ష్యాల జాబితాలో సర్కారు పటాలు, రికార్డులతో పాటు శ్మశానాలు, పవిత్ర స్థలాలు, వంశవృక్షం, ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఉన్నాయి. 2012 సవరణ ఇంకో అడుగు వేసి, ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటి స్థానంలోకి రాదంది. పెద్దల మాటకు మాత్రం 13వ నియమమే ఒక మెలిక పెట్టింది: అది కాగితం మీదికి ఎక్కాలి.