విడిభాగపు ఋణం: పాత ఫిల్ము కెమెరా మరమ్మతులో నైతిక విచారం

సంగ్రహం: తయారీ నిలిచిపోయిన ఫిల్ము కెమెరాను బాగుచేయాలంటే అదే నమూనాకు చెందిన మరొక కెమెరాను విప్పవలసి వస్తుంది. బాగుపడిన కెమెరా పాతదేనా అన్న తాత్త్విక ప్రశ్న కన్నా, విప్పిన కెమెరా విషయంలోనూ కొనబోయే మనిషి విషయంలోనూ మరమ్మతుదారు బాధ్యత ఏమిటన్న నైతిక ప్రశ్నే ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మరమ్మతు, అవయవి, జీర్ణోద్ధరణ, రఫూ, బొంత

1. సమస్య స్వరూపం

చేవెళ్ల, మొయినాబాద్‌లకు చేరువలో, రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలో ఉన్న చందనవెల్లి ఒకనాటి పొలాల మధ్య ఎదిగిన పారిశ్రామికవాడ. అమెజాన్ వెబ్ సర్వీసెస్ వారి డేటా కేంద్రం అక్కడ ఉంది. నేడు ఫోనుతో తీసిన ఛాయాచిత్రాలు ఎక్కువగా చేరుతున్నది ఇటువంటి కేంద్రాలకే. అక్కడ ఒక డిస్కు పాడైతే మరొకటి వచ్చి చేరుతుంది. సమాచారపు ప్రతులు వేరే చోట్ల ఉంటాయి కనుక చిత్రానికి లోటు రాదు. తీసినది ఏ డిస్కు, పెట్టినది ఏ డిస్కు అని చిత్రం యజమాని అడగడు. అడగనవసరం లేకుండా చేయడమే ఆ వ్యవస్థ లక్ష్యం.

ఫిల్ము కెమెరా పరిస్థితి దీనికి భిన్నం. భారతదేశపు ఫోటో స్టూడియోలలో విరివిగా వాడిన జంట కటకాల కెమెరాలలో యాషికా మ్యాట్ 124జి ఒకటి. 1970లో వచ్చిన ఈ నమూనా తయారీ 1986లో ఆగింది. దాని షట్టరు పూర్తిగా యాంత్రికం. బ్యాటరీ కాంతిమాపకానికి మాత్రమే కావాలి. అందుకే అర్ధ శతాబ్దం తరువాత కూడా అది పనిచేయగలదు. అయితే ఫిల్మును తిప్పే పళ్ల చక్రం విరిగితే, బూజు కటకపు పూతను తినివేస్తే, కొత్త భాగం దొరకదు. హైదరాబాదు జుమ్మేరాత్ బజారు వంటి పాత సామాను సంతలలోనో, మరమ్మతుదారుల అరలలోనో మరొక మ్యాట్ 124జి కోసం వెతకాలి. అక్కడ దొరికిన ప్రతి భాగమూ ఒక కెమెరాకు చేరిక, మరొక దానికి లోటు. ప్రశ్న పుట్టేది ఈ కొరతలో నుంచే.

2. అవయవాలు, అవయవి

భాగాలు మారిన వస్తువు పాతదేనా అన్న చర్చ ప్రాచీనమైనది. పాళీ గ్రంథమైన మిళిందపన్హలో నాగసేనుడు రథాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. ఇరుసు రథం కాదు, చక్రం రథం కాదు. వాటి కూడికకు వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథం. న్యాయవైశేషికులు దీనిని అంగీకరించలేదు. వారి మతంలో అవయవి అవయవాలకన్నా వేరైన సత్పదార్థం. వస్త్రం నుంచి ఒక పోగు తొలగితే పాత వస్త్రం నశించి, ఖండపటమనే మరొక వస్త్రం పుడుతుంది. గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడ కథలో పలకలు ఒక్కొక్కటిగా మారతాయి. 1655లో థామస్ హాబ్స్ ఈ కథకు ఒక మెలిక పెట్టాడు: తీసివేసిన పాత పలకలన్నీ ఏరి మళ్లీ ఓడ కడితే, ఆ రెండింటిలో అసలు ఓడ ఏది?

ఈ వాదాల మధ్య భేదం పెద్దదే. ఒక లోపం మాత్రం వీటన్నింటికీ సామాన్యం: కొత్తగా చేరిన అవయవం ఎక్కడి నుంచి వచ్చిందని ఏదీ అడగదు. హాబ్స్ పాత పలకల గతిని తలచాడు గాని కొత్త పలకల పూర్వచరిత్రను తలచలేదు. చెట్టును నరికి చెక్కిన పలకకు ఆ ప్రశ్న అంతగా వర్తించకపోవచ్చు. మరొక ఓడను విప్పి తెచ్చిన పలకకు తప్పక వర్తిస్తుంది. కెమెరా మరమ్మతు ఈ రెండవ కోవకు చెందుతుంది.

3. ‘దాత’ అన్న మాట

భాగాలు ఇచ్చే కెమెరాను అవయవదానపు పోలికతో ‘దాత’ అనడం ఉంది. దానమనే మాటలో ఇచ్చేవారి ఇష్టం ఇమిడి ఉంది. కెమెరాకు ఇష్టాయిష్టాలు లేవు. కనుక ఈ మాట మరమ్మతుదారు చేసిన నిర్ణయాన్ని దానిదే అయినట్టు చూపి, అతని బాధ్యతను కప్పివేస్తుంది.

జడవస్తువు పట్ల నీతి ఏమిటన్న ఆక్షేపం ఇక్కడ సహజం. కెమెరాకు నొప్పి లేదన్నది నిజమే. అయినా దానిని విప్పడం వల్ల నష్టపోయే మనుషులు ఉన్నారు. బాగవుతుందని నమ్మి అప్పగించిన యజమాని ఒకరు. రేపు అదే నమూనాను వెతుక్కునే అపరిచితుడు మరొకరు. విప్పిన ప్రతి కెమెరాతో లోకంలో మిగిలిన సంఖ్య ఒకటి తగ్గుతుంది.

కనుక దేనిని విప్పాలన్న నిర్ణయం కీలకం. నూనె గడ్డకట్టి షట్టరు నిదానించిన కెమెరాను ‘చచ్చిపోయింది’ అంటే అది అసత్యం. దానికి కావలసినది శుభ్రత, నూనె, ఓపిక. నీటిలో నాని తుప్పుపట్టి, చట్రం వంగిన కెమెరా సంగతి వేరు. మొదటి దానిని బాగుచేయడానికి అయ్యే శ్రమకు తగిన కూలి రాదు. రెండవ దానిని బాగుచేయడం అసాధ్యం. గిట్టుబాటు కాకపోవడాన్ని అసాధ్యమని చెప్పడంలోనే తొలి నైతిక స్ఖలనం ఉంది.

ఆగమ సంప్రదాయంలోని జీర్ణోద్ధరణ ఇక్కడ ఆలోచనకు తోడ్పడుతుంది. ఆలయాన్ని పునర్నిర్మించే కాలంలో దేవతాశక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయంలో నిలిపి పూజిస్తారు. యాదగిరిగుట్ట పునర్నిర్మాణంలో 2016 నుంచి 2022 వరకు పూజలు బాలాలయంలోనే జరిగాయి. తొలగించిన జీర్ణబింబానికి కూడా జలంలో విడవడం వంటి విధి ఉంది. విశ్వాసాన్ని పక్కన పెట్టి చూసినా ఇందులోని వివేకం స్పష్టం: బాగుచేసేవాని బాధ్యత నిలిపిన దానితో తీరదు, తొలగించిన దాని వరకూ సాగుతుంది. విప్పిన కెమెరాలో మిగిలిన మరలనూ అద్దాలనూ పేరు రాసి దాచి, తరువాతి మరమ్మతుకు అందించడం ఈ బాధ్యతకు లౌకిక రూపం.

4. రఫూ, బొంత

చిరిగిన బట్ట విషయంలో తెలుగునాట రెండు పద్ధతులు ఉన్నాయి. రఫూ చేసేవాడు కుట్టు కనబడకుండా పోగులో పోగు కలుపుతాడు. బొంత కుట్టే ఇల్లాలు ఏ ముక్క ఏ చీరదో తెలిసేలాగే అతుకుతుంది. ‘అతుకుల బొంత’ వ్యవహారంలో నిందగా స్థిరపడింది గాని, బొంతలో మోసం లేదు.

కెమెరాలో ఈ రెండింటి అవసరమూ ఉంది. మ్యాట్ 124జిలో పై కటకం చూడడానికి, కింది కటకం చిత్రం తీయడానికి. రెండూ ఒకే పలకపై కలిసి ముందుకూ వెనుకకూ కదులుతాయి. మరొక కెమెరా నుంచి కింది కటకాన్ని తెచ్చి బిగిస్తే, రెండింటికీ మళ్లీ పొత్తు కుదర్చాలి. ఫిల్ము ఉండే తలంలో గరుకు గాజును ఉంచి, షట్టరును తెరచి, దూరపు వస్తువు స్పష్టత రెండింటిలోనూ సరిపోయేదాకా సవరించాలి. ఆ పని చేయకపోతే పై అద్దంలో ముఖం నిశితంగా కనబడుతుంది, నెగటివులో మసకబారుతుంది. ఈ తేడా దుకాణంలో తెలియదు. పెళ్లి అయిపోయి, ఫిల్ము కడిగిన తరువాతే తెలుస్తుంది. కనుక పనితనంలో రఫూ కావాలి: తెచ్చిన భాగం పాతవాటితో సందు లేకుండా కలిసిపోవాలి.

చెప్పవలసిన చోట మాత్రం బొంత ధర్మమే శరణ్యం. 1964 నాటి వెనిస్ శాసనపత్రం పన్నెండవ అధికరణం చారిత్రక కట్టడాల విషయంలో ఇదే కోరింది: కొత్తగా చేర్చినది మొత్తంతో పొసగాలి, అదే సమయంలో మూలం కాదని గుర్తుపట్టగలిగేలా ఉండాలి. కెమెరాపై మచ్చ పెట్టడం దీని అర్థం కాదు. ఏ భాగం మారింది, ఎటువంటి కెమెరా నుంచి వచ్చింది, ఏది సవరించబడింది అన్న చీటీ ఒకటి దానితో పాటు సాగాలి. ‘అంతా అసలుదే’ అన్న మాటకు సంతలో ధర ఎక్కువ పలుకుతుంది. చీటీ రాసేవాడు ఆ ధరను వదులుకుంటాడు. నిజాయితీకి ఇక్కడ అయ్యే ఖర్చు అదే. అది చిన్నదేమీ కాదు.

5. ముగింపు

బాగుపడిన కెమెరా పాతదేనా అన్నదానికి బౌద్ధుడు, నైయాయికుడు వేరువేరు సమాధానాలు ఇస్తారు. ఏ సమాధానాన్ని స్వీకరించినా మరమ్మతుదారు బాధ్యత తగ్గదు. పేరు వ్యవహారమాత్రమైతే, ఆ వ్యవహారాన్ని సత్యంగా నడపాలి. అవయవి కొత్తగా పుట్టినదైతే, దాని పుట్టుకను దాచకూడదు. చందనవెల్లి డేటా కేంద్రంలో డిస్కుకు చరిత్ర అక్కరలేదు, ఎందుకంటే దానివంటిది మరొకటి తయారవుతూనే ఉంటుంది. ఇక తయారుకాని వస్తువు విషయంలో ఆ సౌకర్యం లేదు. అక్కడ బాగుచేయడమంటే, ఒక దానిని నిలపడానికి మరొక దానిని ముగించామని ఒప్పుకుని, ఆ సంగతిని తరువాతి యజమానికి తెలియజేయడం కూడా.