పిల్లికి సెలైన్

ముసలి పిల్లి నీళ్ల గిన్నె వదలడం లేదంటే ముచ్చటపడకండి. అది మూత్రపిండాల జబ్బు కావచ్చు. అవి చెడితే మూత్రాన్ని చిక్కబరచలేవు. తాగిన నీరు తాగినట్టే పోతుంది, ఒళ్లు ఎండిపోతుంది. అందుకే పశువైద్యులు ఇంట్లోనే రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ద్రవం ఎక్కించడం నేర్పుతారు. నరం వెతకనక్కర్లేదు. భుజాల మధ్య వదులుగా ఉండే చర్మాన్ని గుడారంలా పైకి లేపి, దాని కింద సూది గుచ్చాలి. సీసాను ముందు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే పిల్లి అంతగా ఉలిక్కిపడదు. ద్రవం ఎక్కాక అక్కడ ఉబ్బుతుంది. కంగారుపడొద్దు, కొన్ని గంటల్లో ఒంట్లోకి ఇంకిపోతుంది. మొదటిరోజు పిల్లికన్నా మన చేతులే ఎక్కువ వణుకుతాయి లెండి! జబ్బు నయం కాదు, పూట తేలికవుతుంది. నాకైతే అదీ తక్కువేం కాదు. గుండెజబ్బున్న పిల్లికి మాత్రం ఎక్కువ ద్రవం ప్రమాదం. ఎన్ని మిల్లీలీటర్లో, ఎన్నాళ్లకోసారో డాక్టరు చెబితేనే మొదలుపెట్టండి.