ఒక్క ఏడాది ఆగమన్నారు

2019 మార్చి 2న బెల్జియంలో ఓంలూప్ హెట్ నియూస్‌బ్లాడ్ సైకిల్ పందెం జరిగింది. ముందు మగవాళ్లను వదిలి, పది నిమిషాల తర్వాత ఆడవాళ్లను వదిలారు. స్విట్జర్లాండ్ అమ్మాయి నికోల్ హాన్సెల్మన్ తోటివాళ్లందరినీ దాటి, మగవాళ్ల వెనక సహాయానికి వెళ్లే కార్లదాకా వచ్చేసింది. ప్రమాదమని ఆడవాళ్ల పందెం కాసేపు ఆపేశారు. మళ్లీ వదిలేటప్పుడు ఆమె ఎన్ని నిమిషాలు ముందుందో అన్నీ లెక్కగట్టి ఇచ్చారు. అయినా చివరికి 74వ స్థానం దక్కింది.

ఇందులో అన్యాయం ఉందా? ఆపకపోతే గెలిచేదని చెప్పలేం. అంత ముందుగా విడిపోయినవాళ్లు సాధారణంగా దొరికిపోతారు. ఆపినవాళ్లకు దురుద్దేశమూ లేదు. కానీ ఒక ఆడపిల్ల అంతదాకా వచ్చేస్తుందేమోనన్న ఊహకు ఆ ఏర్పాటులోనే చోటు లేదు.

ఆ వార్త చదివినప్పుడు మా అక్క గుర్తొచ్చింది. నాకన్నా బాగా చదివేది. ఇద్దరి ఫీజులూ కట్టలేక నాన్నగారు అక్కని ఒక్క ఏడాది ఆగమన్నారు. నేను ఇంజనీరింగులో చేరాను. ఆ ఏడాదిలోనే అక్కకి సంబంధం కుదిరింది. నాన్నగారు చెడ్డవారు కారు. నేనూ "అదేమిటి?" అని అడగలేదు. అమెరికాలో స్థిరపడ్డాక డబ్బు పంపబోతే, "ఎందుకురా, నాకేం తక్కువ?" అంది.

పోయిన నిమిషాలు తిరిగివ్వొచ్చు. పోయిన ఊపు ఎవరివ్వగలరు? ఎవరూ కావాలని చెయ్యని తప్పువల్ల లాభపడ్డవాడు బాకీ ఉన్నట్టేనా? ఉన్నట్టే అనుకుంటున్నాను. ఎలా తీర్చాలో అక్కనే అడగాలి. ఇన్నేళ్లూ అడగలేదు.