అబద్ధానికీ నిజానికీ కావలసిన తెలివి

తెలివి లేకుండా అబద్ధం ఆడడం కుదరదు. అసలు సంగతి ఏమిటో ఆడేవాడికి తెలియాలి. అది ఎదుటివాడికి తెలియదనీ తెలియాలి. పైగా నిన్న చెప్పినదానికీ ఇవాళ చెప్పేదానికీ పొంతన చెడకూడదు. ‘అబద్ధం చెబితే అతికినట్టుండాలి’ అనే సామెత ఈ పనితనం గురించే. విక్టోరియా తల్వార్, కాంగ్ లీ వంటి పరిశోధకులు చిన్నపిల్లల వెనక ఒక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి బయటికి వెళ్లే ప్రయోగాలు చేశారు. పిల్లల్లో చాలామంది చూస్తారు. 3, 4 ఏళ్లు దాటినవాళ్లలో ఎక్కువమంది చూడలేదని బొంకుతారు. అయితే అదేం బొమ్మ అయి ఉంటుందని అడగగానే చిన్నవాళ్లు దాని పేరు చెప్పేసి దొరికిపోతారు. ఎదుటివారి మనసులో ఏముందో ఊహించే శక్తి పెరిగేకొద్దీ అబద్ధం అతకడం మొదలవుతుంది. కన్నవాళ్లకు మింగుడుపడదు గానీ, తొలి అబద్ధం బుద్ధి వికసిస్తోందనడానికి ఒక గుర్తు.

ప్లేటో రాసిన ‘హిప్పియస్ మైనర్’ సంభాషణలో సోక్రటీస్ ఈ సంగతినే ఇంకా ఇబ్బందికరమైన చోటికి లాక్కెళతాడు. మూడు ఏడువందలు ఎంత అని అడిగితే, ప్రతిసారీ గురి తప్పకుండా తప్పు చెప్పగలిగేది లెక్కలు బాగా వచ్చినవాడే. రానివాడు పొరపాటున సరైన జవాబు చెప్పేయవచ్చు. అలాంటప్పుడు తెలిసి తప్పు చేసేవాడు తెలియక చేసేవాడికంటే మేలు కావాలి కదా? హిప్పియస్ ఒప్పుకోలేదు. తనకూ ఒప్పుకోబుద్ధి కావడం లేదని సోక్రటీసే అంటాడు. సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

వాదం తేలకపోయినా ఒకటి మిగిలింది. అబద్ధం ఆడే నేర్పు లేనివాడి నోట నిజం రావడంలో గొప్ప ఏమీ లేదు. మరి నిజం చెప్పడానికి తెలివి కావాలా? పతంజలి యోగసూత్రాల్లో సత్యం అయిదు యమాల్లో రెండోది. వ్యాసుడి పేర వచ్చిన భాష్యం దాన్ని చెప్పేవాడి నాలుకతో సరిపెట్టలేదు. తన ఎరుకను ఇంకొకరికి అందించడానికే మాట పుట్టింది కనుక, అది మోసపుచ్చేది కాకూడదు, భ్రమతో పలికినది కాకూడదు, వినేవాడికి అర్థం కానిదీ కాకూడదు. ఈ లెక్కన చదవలేనంత చిన్న అక్షరాల్లో అచ్చువేసిన ఒప్పందపత్రం, అక్షరాలా నిజమే అయినా సత్యం కింద చెల్లదు.

మోసపుచ్చే మాటకు వ్యాఖ్యాత వాచస్పతి మిశ్రుడు ఇచ్చిన ఉదాహరణ సాక్షాత్తూ ధర్మరాజు. భారత యుద్ధం పదిహేనో రోజున, తన కొడుకు అశ్వత్థామ చచ్చాడన్న మాట నిజమేనా అని ద్రోణుడు అడిగాడు. అశ్వత్థామ అనే ఏనుగు నిజంగానే చచ్చింది. అశ్వత్థామ చచ్చాడని ధర్మరాజు గట్టిగానే అన్నాడు, ‘కుంజరః’ (ఏనుగు) అన్న మాట నోట్లోనే అణిగింది. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కిందికి దిగిందని భారతం చెబుతుంది.

ఇలాంటి నేర్పు సత్యానికి మరీ గట్టిగా కట్టుబడినవాళ్లలోనూ కనిపిస్తుంది. మతం గురించి ఇక రాయొద్దని ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విలియం ఆంక్ష పెడితే, 1794లో తత్వవేత్త కాంట్ ‘తమ విధేయ ప్రజగా’ రాయనని మాట ఇచ్చాడు. 1797లో రాజు పోయాడు. 1798లో కాంట్ ఆ మాటలను కావాలనే ఎంచుకున్నానని, అవి ఆ రాజు బతికున్నంతకాలానికే వర్తిస్తాయని అచ్చులో చెప్పుకున్నాడు. స్నేహితుణ్ని చంపడానికి వచ్చి ఇంట్లో ఉన్నాడా అని అడిగే హంతకుడికైనా అబద్ధం చెప్పకూడదని 1797లో వాదించినవాడూ ఆయనే.

ఆ హంతకుడి ప్రశ్న భారతం కర్ణపర్వంలో ఏనాడో వచ్చింది. దొంగలు తరుముతుంటే కొందరు వచ్చి అడవిలో దాక్కున్నారు. ఎటు పోయారని దొంగలు అడిగితే, సత్యవ్రతం పట్టిన కౌశికుడనే బ్రాహ్మణుడు దారి చూపించాడు. దాక్కున్నవాళ్లు చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. కథ చెప్పిన కృష్ణుడు ఆయనను తపస్వి అంటూనే, ఎక్కువ చదువుకున్నవాడు కాడని కూడా అంటాడు. లోటు నిజాయితీలో కాదు, ధర్మం ఎక్కడ ఎటు మలుపు తిరుగుతుందో తెలుసుకునే బుద్ధిలో.

ఈ కథ విన్నది అన్న మీద కత్తి దూసిన అర్జునుడు. గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్ అన్నవాణ్ని చంపుతానని అతనికో రహస్య ప్రతిజ్ఞ ఉంది. కర్ణుడి చేతిలో దెబ్బతిన్న బాధలో ధర్మరాజు సరిగ్గా ఆ మాటే అన్నాడు. పెద్దవాణ్ని ‘నువ్వు’ అని పలకడం చంపడంతో సమానమని, ప్రతిజ్ఞ అలా తీర్చుకోమని కృష్ణుడు ఉపాయం చెప్పాడు. అర్జునుడు అన్నను ఏకవచనంతో తిట్టాడు.

ఏనుగు సంగతి గడిచి అప్పటికి రెండు రోజులే. అప్పుడూ ధర్మరాజును ఒప్పించింది కృష్ణుడే, వాడినది అంతే పదునైన తెలివి. తమ్ముడి మాటలకు నొచ్చుకుని ధర్మరాజు అడవికి పోతానంటే, కృష్ణుడు ప్రతిజ్ఞ సంగతంతా అక్కడే విప్పి చెప్పి క్షమించమన్నాడు. ద్రోణుడికి ఏనుగు సంగతి విప్పి చెప్పినవాళ్లు లేరు.