పలుపు కట్టినవాడి బాకీ

గొడ్డుకు నీళ్లు పెట్టడం పుణ్యమని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరై, ఇప్పుడు కమలాపురంలో రెండు ఎనుములు, ఒక జెర్సీ ఆవు పెట్టుకొని కాలం గడుపుతున్నవాణ్ణి. నా లెక్కలో కట్టేసిన గొడ్డుకు నీళ్లు పెట్టడం పుణ్యం కాదు, బాకీ తీర్చడం. పుణ్యం చెయ్యకపోతే నిన్ను అడిగేవాడు లేడు. బాకీ ఎగ్గొడితే అవతలివాడికి అడిగే హక్కుంది. ఆ అవతలిది నోరులేని జీవమైతే మనల్ని మనమే నిలదీసుకోవాల.

ఈ మాట మీద మా అరుగు మీద పెద్ద వాదనే జరిగింది. దానికి కారణం మా చెల్లెలి కొడుకు. వాడు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాడు. పాడికి పేరుపడిన రాష్ట్రం అది. జనవరిలో వాళ్ల ఇంటి దగ్గరి రైతు దొడ్డిని వీడియో తీసి పంపించినాడు. ఎటు చూసినా మంచు, మైనస్ ఇరవై డిగ్రీల చలి. ఆవుల మూతుల చుట్టూ వెంట్రుకలు తెల్లగా బిగుసుకుపోయినాయి. తొట్టిలో నీళ్లు మాత్రం కదులుతున్నాయి. తొట్టి అడుగున కరెంటు కాయిలు, నీళ్లు మరీ చల్లబడితే దానంతటదే వెలిగి, సరిపోతే ఆరిపోయే థర్మోస్టాటు. "మామా, ఈడ గొడ్లకు గీజరు పెట్టినారు సూడు" అని వాడు నవ్వినాడు.

నిజానికి అది గీజరు కాదు. నీళ్లు కాగవు, గడ్డకట్టకుండా ఉంటాయంతే. కరెంటు లేకుండా పనిచేసే తొట్లు కూడా ఉన్నాయంట. నేల లోతులో ఉండే వెచ్చదనాన్ని గొట్టం గుండా పైకి రానిచ్చి, తొట్టి చుట్టూ చలి దూరకుండా మందంగా కప్పి, పైన బంతి మూత పెడతారు. ఆవు మూతితో బంతిని నెట్టి తాగుతుంది. తల తియ్యగానే బంతి మళ్లీ మూసుకుంటుంది.

వీడియో చూసి దర్గా వీధిలో ఉండే మా దోస్తు పెదవి విరిచినాడు. బండలాగుడు ఎద్దులను సాకిన మనిషి. "అన్నా, అదంతా యాపారం. నీళ్లు తాగకపోతే పాలు తగ్గుతాయని పెట్టినాడు. దాంట్లో దరమం ఏముంది?" అన్నాడు.

యాపారమే, కాదనను. పాలల్లో నూటికి ఎనభై ఏడు పాళ్లు నీళ్లే. బాగా పాలిచ్చే ఆవు రోజుకు వంద లీటర్ల దాకా తాగుతుంది. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే పాలు తగ్గుతాయి. ఆ రైతు కరెంటు బిల్లు పాల బిల్లులో తిరిగి వస్తుంది. ఫలం మీద ఆశ లేకుండా చేసిందే కర్మ అని అరుగు మీదికి వచ్చే మా అయ్యవారు అంటాడు. మనసులో నియ్యత్, అంటే ఉద్దేశం ఏముందో దాన్నిబట్టే ఫలితం అని దోస్తు అంటాడు. ఇద్దరి లెక్కలోనూ ఆ రైతుకు పుణ్యం సున్నా.

అయితే ఈ లెక్క అంతా ఇచ్చేవాడి గురించి. తాగేదాని గురించి ఎవరూ మాట్లాడరు. దాహమేసిన ఆవుకు యజమాని మనసుతో పనిలేదు. నీళ్లు ఉన్నాయా, తాగేట్టుగా ఉన్నాయా, అంతే.

అప్పుడు నేను దోస్తుకు వాళ్ల హదీసులనే గుర్తుచేసినాను. దారినపోయే ఒకాయన బావిలో దిగి దాహం తీర్చుకొని పైకొస్తే, దాహానికి తడిమట్టి నాకుతున్న కుక్క కనిపించింది. మళ్లీ దిగి, తన తోలుజోడును నీళ్లతో నింపి, నోట కరుచుకొని ఎక్కి దానికి తాపినాడు. అల్లా ఆయన పాపాలు మన్నించినాడు. ఇది అందరూ చెప్పుకునే కథ. రెండోది తక్కువ మంది చెప్పుకుంటారు. ఒకామె పిల్లిని కట్టిపెట్టి, తిండి పెట్టలేదు, పోయి తినమని వదిలిపెట్టనూ లేదు. అది చచ్చింది, ఆమె నరకానికి పోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కుక్క ఎవరిదీ కాదు. దానికి తాపితే పుణ్యం, ఆయన తాపకుండా పోయినా అడిగేవాళ్లు లేరు. పిల్లి కట్టేసి ఉంది. అక్కడ పెట్టకపోవడమే పాపం. తేడా అంతా ఆ తాడులో ఉంది.

మా దిక్కు వీరబ్రహ్మంగారి కథ తెలియని ఇల్లు లేదు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులను రవ్వలకొండకు తోలుకుపోయి, వాటి చుట్టూ గీత గీసి, తాను కాలజ్ఞానం రాసుకుంటూ కూర్చుండేవాడంట. ఆవులు గీత దాటేవి కావు. చిన్నప్పుడు దాన్ని మహిమగా విన్నాను. పశువుల మధ్య బతుకంతా గడిపినాక వేరే సంగతి తోస్తుంది. గీత గీసినవాడు లోపల మేత ఉందా, నీళ్లున్నాయా అని చూసుకొనే గీసి ఉండాల. లేకపోతే ఆయన్ను మనం సామీ అని ఎందుకంటాం? మన చేతిలోని పలుపు కూడా అటువంటి గీతే. గీసే అధికారం తీసుకున్నవాడిమీద లోపలి బాధ్యత అంతా పడుతుంది.

శాస్త్రమూ చట్టమూ కూడా ఇట్లాగే ఆలోచించినాయి. గృహస్థు రోజూ చేయాల్సిన ఐదు యజ్ఞాల్లో భూతయజ్ఞం, అంటే తోటి జీవులకు పెట్టడం, ఒకటి. పండగకో పబ్బానికో చేసే దానం కాదది, దినదినం తీర్చాల్సిన వంతు. 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం, యజమాని తన పశువుకు సరిపడా మేత, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరం. కొట్టడమే హింస కాదు, పెట్టకపోవడం కూడా హింసే.

"మరి మా తాత ఏ తొట్టికి కాయిలు పెట్టినాడు?" అని అయ్యవారు అడిగినాడు. మంచి ప్రశ్నే. ఆయన తాత గొడ్లను పాపఘ్ని ఏటికి తోలేవాడు. ఇసకలో చెలమ తీస్తే అడుగునుంచి ఊరిన నీళ్లు చలికాలం వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉండేవి. ఇప్పుడు ఆవు కొట్టం దాటదు. చలిదేశపు రక్తమున్న జెర్సీని తెచ్చి కడప ఎండలో కట్టేసినాము. కట్టు ఎంత బిగిస్తే బాకీ అంత పెరుగుతుంది.

కమలాపురంలో నీళ్లు గడ్డకట్టవు. ఇక్కడ తిప్పలు ఎక్కువగా వేసవిలోనే. ఎర్రగుంట్ల నాపరాయి బండలతో కట్టిన తొట్లు మా దగ్గర చాలా ఉన్నాయి. ఆ నల్లబండ మే నెల ఎండకు కాలి, పన్నెండు గంటలకు చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆవు వచ్చి, మూతి ముంచి, తల విదిలించి వెనక్కు పోతుంది. తొట్టి నిండుగానే ఉంటుంది, నీళ్లు పెట్టినామనే అనుకుంటాం. బాకీ మాత్రం తీరలేదు. చలికాలం తెల్లవారుజామున రాత్రంతా నిలవున్న నీళ్లతోనూ అంతే. ఈనిన ఎనుము వాటిని రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. దానికి కాయిలు అక్కరలేదు. పాత నీళ్లు పారబోసి, బోరు ఆన్ చేసి అప్పటికప్పుడు నింపితే నేలలోపలి వెచ్చదనం నీళ్లతోపాటే వస్తుంది. విస్కాన్సిన్‌లో గొట్టం వేసి తీసేదీ ఇదే. బకెట్లో హీటరు రాడ్డు వేసి గొడ్డు ముందర పెట్టే పని మాత్రం ఎవరూ చేయొద్దు. మనకు తెలియని కొద్దిపాటి కరెంటు కూడా ఆవు మూతికి తెలుస్తుంది. ఎర్తింగు లేని తొట్టి దగ్గర అది దాహంతోనే నిలబడుతుంది.

దోస్తు చివరిగా ఒక ప్రశ్న వేసినాడు. "పలుపు ఇప్పేస్తే బాకీ తీరినట్లేనా అన్నా?" ముసలి ఎద్దును రోడ్డుమీదికి వదిలేసేవాళ్లు అనుకునేది అదే. తీరదు. బావులు పూడ్చినాం, బోర్లకు మూతలు బిగించినాం, పొలాలకు కంచెలు వేసినాం. తనంతట తాను నీళ్లు వెతుక్కునే దారి మూసినాక విడిచిపెట్టడం స్వేచ్ఛ ఇవ్వడం కాదు. ఆ ఎద్దు బాకీ అప్పుడు ఊరి ఉమ్మడి ఖాతాకు వస్తుంది.

ఈ సంగతి రాజులకు ఎప్పుడో తెలుసు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండలమీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం, ఇద్దరి కోసమూ దారుల వెంట బావులు, చెట్లు అని రెండో శాసనం చెబుతుంది. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలోనే మన సీమ రాళ్లకు తెలిసిన ధర్మం ఇది.

ఉపాధి హామీ డబ్బుతో మన ఊళ్లల్లోనూ పశువుల తొట్లు కట్టినారు. కట్టడం సర్కారు పని, నింపడం మన పని. ఎండిన తొట్టి కనిపిస్తే పంచాయతీని తిట్టేముందు పైపు తగిలించండి. పైన రెండు తాటాకులో ఒక రేకో వేసి నీడ చెయ్యండి. వారానికొకసారి పాచి రుద్ది సున్నం కొట్టండి. పుణ్యం కోసం చేయాలనుకునేవాళ్లు చేయండి, పాల కోసం చేయాలనుకునేవాళ్లు చేయండి. ఎందుకు చేసినా బాకీ తీరుతుంది. చేయకపోతే మాత్రం ఏ పూజా దాన్ని మాఫీ చేయదు.